మూడో నంబరు గదిలో కొత్త అతిథి

"పక్క మార్చడానికి ఇంతసేపా అమ్మా?" మూడో నంబరు గది తలుపు మళ్ళీ కొట్టాను.

"మార్చడం ఎప్పుడో అయింది," లోపల్నుంచి మా అత్తగారి గొంతు.

"అయితే బయటికి రా."

"రాను."

"రాకుండా ఏం చేస్తావు?"

"పడుకుంటాను. నా మంచం, నేను పరుచుకున్న పక్క."

శనివారం, పొద్దున పదకొండు. చలికాలంలో మా లోయలో శనివారమంటే ఏ ఇంటి ఆడదానికీ కాలు ఒకచోట నిలవదు. పాత అతిథులు పదింటికల్లా కార్లెక్కుతారు. కొత్తవాళ్ళు మూడింటి నుంచి దిగుతారు. ఈలోపల పక్కలన్నీ మార్చాలి, స్నానాల గదులు కడగాలి, కేకు చెయ్యాలి, వాకిట్లో మెట్లమీద గడ్డకట్టిన మంచు గీకాలి. అలాంటి రోజు చూసుకుని మరీ, ఉతికిన దుప్పట్లు చంకన పెట్టుకుని లోపలికెళ్ళిన డెబ్భైమూడేళ్ళ మనిషి తాళం తిప్పుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజమే చెబుతున్నాను, జాలి తరవాత వచ్చింది.

ఇంటి ముందు చెక్క బోర్డు మీద ఉన్న పేరు ఆమెదే. నోట్‌బుర్గా నివాసం. దాని కింద చిన్న పలక వేలాడుతూ ఉంటుంది, ఒకవైపు "గదులు కలవు" అని, రెండోవైపు "నిండింది" అని. డిసెంబరు రెండో శనివారం నుంచి ఈస్టరు దాకా ఆ పలకని "నిండింది" వైపు నుంచి ఎవరూ తిప్పరు. ఆ నాలుగు నెలలూ మా పడగ్గదులు మావి కావు. అరటిపళ్ళ అట్టపెట్టెల్లో బట్టలు సర్దుకుని నేలమాళిగలోకి దిగిపోతాం. అక్కడ ఒకపక్క బాయిలరు, ఇంకోపక్క అతిథుల స్కీలూ తడి బూట్లూ ఆరే గది. లోయలో ప్రతి ఇంటా ఇదే వరస.

నేను ఈ ఇంటికి కోడలినై వచ్చింది ఒక నవంబరులో. మా పుట్టింటి లోయకి ఆవులు తప్ప అతిథులు రారు. పెళ్ళయి నెల తిరక్కుండానే కొత్త మంచం ఎవరో హాంబుర్గ్ వాళ్ళకి అప్పగించి కిందికి దిగమంటే నేను వెక్కివెక్కి ఏడ్చాను. "ఈస్టరుకి మళ్ళీ ఎక్కుతాంలేవే రోసీ," అని కళ్ళు తుడిచింది ఈ అత్తగారే.

ఈ డిసెంబరులోనూ నోరు మెదపకుండా మాతోబాటే దిగింది. మరి ఇవాళ ఏం పుట్టిందంటే, పోయినవారం వచ్చిన ఉత్తరం పుట్టించింది. బ్రింక్‌మన్ దంపతులు వరసగా ఇరవై ఐదో చలికాలం, అదే వారం, అదే మూడో నంబరు గదికి వస్తున్నారట. ఆదివారం సాయంత్రం పర్యాటక సంఘం హాల్లో మేయరుగారు వాళ్ళ కోటుకి స్వయంగా బంగారు పిన్ను గుచ్చుతారట. ఊరి బ్యాండు కూడా వాయిస్తుందట. చదివి నేను మురిసిపోయాను. మా అత్తగారు కళ్ళజోడు తీసి, "వాళ్ళకి ఇరవై ఐదు. కిందపడుకున్నందుకు నాకెన్నో?" అంది.

నేను నవ్వేసి ఊరుకున్నాను. నవ్వకుండా ఉండాల్సింది.

*

నా మొగుడు కస్సియన్ పన్నెండున్నరకి వచ్చాడు. వేసవిలో వడ్రంగి, చలికాలంలో స్కీ ఆడేవాళ్ళని కొండపైకి లాగే లిఫ్టు దగ్గర పని. తాడుతోబాటు కదిలే కర్రల్ని అతిథుల వెనక్కి అందిస్తూ, "ఆనుకోండి, కూర్చోకండి" అని పొద్దస్తమానం అరుస్తాడు. మధ్యాహ్నం అరగంట మాత్రం సెలవు. సూపు కోసం వచ్చిన మనిషిని మెట్ల దగ్గరే ఆపి సంగతి చెప్పాను. బూట్లు కూడా విప్పకుండా పైకెళ్ళాడు.

"అమ్మా, ఇవాళ శనివారం."

"తెలుసురా."

"బ్రింక్‌మన్‌లు మూడింటికి వస్తారు."

"రానీ. మంచివాళ్ళు."

"ఆ మంచివాళ్ళని ఎక్కడ పడుకోబెట్టమంటావు? కార్నివాల్ సెలవుల వారం, లోయంతా కిక్కిరిసి ఉంది. పోస్టుమాన్ వాళ్ళ ఆవుల కొట్టం మీద అటకలో కూడా ఎవరో డచ్చివాళ్ళు దిగారు!"

"డచ్చివాళ్ళకి ఆవులు అలవాటేలే."

"అమ్మా, నన్ను విసిగించకు. తలుపు బందులు ఊడదీస్తాను, ఏమనుకుంటున్నావో!"

"తియ్యి. బందులు లోపలివైపున్నాయి. ఈ తలుపు బిగించింది నువ్వే కదరా, మర్చిపోయావా?"

నాకు నవ్వు ఆగలేదు. కస్సియన్ నా వైపు చూసిన చూపుకి ఆగింది.

"ఒంట్లో బాగాలేదా? పోయిన నెల దగ్గు మళ్ళీ వచ్చిందా?" ఈసారి గొంతు తగ్గించాడు.

"బాగానే ఉంది. అందుకే ఇవాళ ఎక్కాను. బాగాలేని రోజున ఎక్కలేను కదా."

కస్సియన్ తలుపుకి నుదురు ఆనించాడు. అంతలో తలుపు కిందినుంచి ఒక కాగితం జారి వచ్చి అతని బూటుకి తగిలింది.

అది అతిథుల నమోదు చీటీ. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ చేతా నేను నింపించి పర్యాటక సంఘానికి పంపే చీటీ. దాన్ని మా అత్తగారు పెన్సిలుతో గుండ్రటి అక్షరాల్లో నింపింది. పేరు: నోట్‌బుర్గా ఫాల్క్‌నర్. గది: మూడు. వచ్చిన రోజు: ఈ శనివారం. వెళ్ళే రోజు దగ్గర ఏమీ రాయలేదు. ఇంతకుముందు ఎన్ని చలికాలాలు వచ్చారు అన్నచోట: మొదటిసారి. స్వంత చిరునామా అన్నచోట: ఇదే ఇల్లు, నేలమాళిగ.

ఇల్లు కట్టిన ఏడాదే బ్రింక్‌మన్‌లు మొదటిసారి వచ్చారు. ఆ గదిలో మా అత్తగారు ఒక్క చలికాలమూ నిద్రపోయింది లేదు. చీటీలో అబద్ధం ఒక్కటీ లేదు.

కస్సియన్ రెండుసార్లు చదివి నా చేతిలో పెట్టి కిందికి దిగాడు. నేను దాన్ని ఏప్రన్ జేబులో కుక్కుకుని అతని వెనకే వంటింట్లోకి వెళ్ళాను.

*

"సూపు చల్లారింది. వేడి చెయ్యనా?"

"ఇది నాన్న గురించి," అన్నాడు.

రెండేళ్ళుగా మా ఇద్దరి మధ్యా నలిగిన మాట అది. పైకి రావడం ఇదే మొదలు.

రెండేళ్ళ కిందట, ఇదే వారంలో ఒక గురువారం, ఇంకా తెల్లవారకముందే మా మామగారు వెందెలిన్ నేలమాళిగలో, నిద్రలోనే పోయారు. పోయినవాళ్ళని వాళ్ళ గదిలోనే రెండు రోజులు పడుకోబెట్టాలి, ఊరంతా వచ్చి పక్కన కూర్చుని జపమాల చెప్పాలి. మా పద్ధతి అది. కానీ ఆయన గదిలో బ్రింక్‌మన్‌లు నిద్రపోతున్నారు. ఇంట్లో పదకొండు మంది అతిథులు. ఎనిమిదింటికి ఫలహారం పెట్టాలి.

"స్కీ గది తలుపులోంచి తీసుకెళ్దామన్నది నువ్వు," అన్నాడు కస్సియన్.

"ముందు తలుపైతే ఎవరైనా ఎదురుపడతారన్నది ఎవరో?"

"పాపం సెలవులకొచ్చారు, వాళ్ళ సంతోషం పాడవుతుందని నువ్వే కదా..."

"నేనొక్కదాన్నేనా? నువ్వు తల ఊపలేదూ?"

"ఊపాను."

"మరి నా ఒక్కదాని నెత్తినే రుద్దుతావేం?"

"రుద్దడం లేదు రోసీ," అన్నాడు. సూపులో తేలే రొట్టె ఉండని చెంచాతో నాలుగు ముక్కలు చేశాడు, తినలేదు. "నాన్నని బూట్ల మధ్యలోంచి మోసుకెళ్ళాం. అమ్మ చూస్తూ నిలబడింది. నాకు రోజూ అదే కనిపిస్తుంది."

నాకూ కనిపిస్తుంది.

ఆయన్ని చర్చిలో ఉంచాం. ఆరోజు చావుగంట మోగింది. అతిథులకి అది ఒట్టి చర్చి గంట. మర్నాడు శుక్రవారం, ఆ పైన పక్కలు మార్చే శనివారం, ఆ పైన ఆదివారం. అందుకని బ్రింక్‌మన్‌లు వెళ్ళిపోయాక, సోమవారం మట్టి చేశాం. పోయిన ఏడు బ్రింక్‌మన్‌లు వచ్చి వెందెలిన్ ఏడని అడిగితే, వసంతంలో పోయాడని చెప్పాం. ఊళ్ళో ఎవరూ మమ్మల్ని తప్పుపట్టలేదు. వాళ్ళైనా అదే చేసేవారు.

కస్సియన్ టోపీ పెట్టుకున్నాడు.

"వెళ్ళిపోతావా? ఆ తలుపు సంగతేంటి?"

"లిఫ్టు ఆగదు కదా," అన్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "ఆవిణ్ణి గట్టిగా ఏమీ అనకు."

అనే పని మాత్రం నాకు వదిలి వెళ్ళాడు. మగవాళ్ళ ఒడుపే ఒడుపు!

*

కేకు పొయ్యిలో పెట్టి పైకెళ్ళి తలుపు ముందు నేలమీద చతికిలబడ్డాను.

"అమ్మా."

"ఊఁ."

"స్కీ గది తలుపు నా ఆలోచనే. నా మీద కోపముంటే తిట్టు. ఇలా గది పట్టుకుని కూర్చోకు."

లోపల మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. ఆమె కూడా అటువైపు నేలమీద కూర్చున్నట్టుంది, గొంతు నా చెవి పక్కనుంచే వినిపించింది.

"నీ మీద కోపమేంటే పిచ్చిదానా! ఆ పొద్దున వాళ్ళకి కాఫీ పోసింది ఎవరు?"

నేను తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"నేనే కదా. మొహం కడుక్కుని, ఏప్రన్ కట్టుకుని, ఎనిమిదింటికల్లా బల్ల దగ్గర నిలబడ్డాను. బ్రింక్‌మన్‌గారు గుడ్డు పెంకు కొడుతూ అడిగాడు, 'ఇవాళ వెందెలిన్ కనిపించడేం? రోజూ మంచు ఎలా ఉందో చెప్పేవాడే' అని. 'కొండమీద కొట్టానికి వెళ్ళాడండీ, కప్పు మీద మంచు తోడటానికి' అన్నాను. పాలు కూడా పోశాను. చెయ్యి వణకలేదే రోసీ. కొంచెం వణికినా బాగుండేది."

నేను తలుపు మీద అరచెయ్యి వేశాను. ఆమెకి కనిపించదని తెలిసీ వేశాను.

"నేను అడిగేది ఒక్కటే. ఈ గదిలో పడుకుంటాను. పోయేరోజున ఈ మెట్ల మీంచి దిగి, నా పేరున్న బోర్డు కిందినుంచి వెళ్తాను. అది ఏ నెల అయినా సరే. చలికాలంలో పోకూడదని నాకు రూలు పెట్టకండి."

ఏం చెప్పను? వద్దనడానికి నోరు రాలేదు. సరే అంటే, గంటలో కారు దిగేవాళ్ళకి చూపించడానికి మంచం లేదు. ఈ వారం వాళ్ళని తిప్పి పంపితే ఊళ్ళో తలెత్తుకోలేం. పొయ్యి దగ్గర్నుంచి మాడు వాసన వస్తే లేచి పరిగెత్తాను.

*

వాళ్ళు మూడింటికి రాలేదు. రెండుంబావుకే వచ్చారు.

టైర్ల గొలుసుల చప్పుడుకి నేను వాకిట్లోకి వెళ్ళేసరికే బ్రింక్‌మన్‌గారు రెండు చేతుల్లో రెండు సూట్‌కేసులతో లోపలికొచ్చేశారు. డెబ్భై దాటినా మనిషి చలాకీ. వెనకాలే ఆయన భార్య హిల్డెగార్డ్‌గారు, ప్రతి ఏడూ తెచ్చే బాదం మిఠాయి డబ్బాతో.

"కాఫీ తాగండి ముందు! కేకు ఉంది!" అన్నాను దారికి అడ్డంగా నిలబడి.

"మీరు పని చూసుకోండి రోసీ, మాకు దారి తెలియదా ఏం?" అంటూ నన్ను తప్పించుకుని మెట్లెక్కేశారు.

వెనకాలే నేనూ పరిగెత్తాను. ఆయన పిడి తిప్పారు. తెరుచుకోలేదు. మళ్ళీ తిప్పారు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

గొట్టం కారుతోందని చెబుదామా, కొత్తగా రంగు వేశామని చెబుదామా అని చూస్తున్నాను. అతిథుల కోసం మా నోళ్ళలో అబద్ధాలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. అది పెదవి దాటేలోపు తాళం తిరిగింది.

మా అత్తగారు చర్చికి వేసుకునే నల్లగౌను వేసుకుని, తల నున్నగా దువ్వుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మా కొండల్లో మేమంతా ఒకరినొకరం నువ్వనే అనుకుంటాం, మీరు అనేది అతిథులకే. ఇరవై ఐదేళ్ళుగా వాళ్ళని ఎలా పిలిచిందో అలాగే పిలిచింది.

"లోపలికి రండి, ఇద్దరూ. మీకు ఒక మాట చెప్పాలి. రెండేళ్ళ కిందటిది."

"అమ్మా, వద్దు," అన్నాను.

నా మొహం మీదే తలుపు మూసుకుంది.

*

మూడు దాటాక ఒక్కొక్కరే కార్లు దిగిన మిగతా అతిథులు భోజనాల గదిలో చేరారు. కేకు కోసి పెట్టాను. ఒక అంచు కొంచెం మాడింది, చక్కెర పొడి చల్లి కప్పేశాను. చెవులు మాత్రం పై అంతస్తులోనే ఉన్నాయి. ఒక్క కేక లేదు, ఒక్క ఏడుపు లేదు. అరవకపోతేనే నాకు భయం.

గంట దాటాక బ్రింక్‌మన్‌గారు ఒక్కరే దిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయాడు.

"నాకు ఆ తలుపు చూపించు రోసీ."

నన్ను నువ్వు అనడం ఆయన అదే మొదటిసారి. ఏ తలుపని నేను అడగలేదు. నేలమాళిగ మెట్లు దిగాను. ఇన్నేళ్ళలో ఆయన స్కీ గదికి బయటి వాకిలినుంచే వచ్చేవారు. ఈ మెట్లు ఉన్నాయనే తెలియనట్టు గోడ పట్టుకుని దిగారు. బూట్ల వరసల మధ్య, తలుపు దగ్గర ఆగి, పైకప్పుకి చెయ్యి ఆనించి ఎత్తు చూసుకున్నారు.

"ఇందులోంచా?"

"ఇందులోంచే."

"ఎవరు మోశారు?"

"తలవైపు కస్సియన్. కాళ్ళవైపు నేను."

"రోజూ ఈ తలుపులోంచే స్కీలు భుజాన వేసుకుని వెళ్తాను," అన్నారు. "ఆ రోజు కూడా వెళ్ళాను. మంచు చాలా బాగుంది ఆ రోజు. వెందెలిన్ నాకు స్నేహితుడనుకున్నాను. వాడిని నా కాళ్ళ కిందినుంచి తీసుకెళ్ళాక నేను కూర్చుని గుడ్డు తిన్నాను. నన్ను ఏమనుకున్నారు మీరంతా? చావుని కూడా నా నుంచి దాచాల్సినంత చిన్నపిల్లాడిననుకున్నారా?"

"మీ సెలవు పాడవుతుందని..." నా మాట నాకే అసహ్యమేసింది. ఆపేశాను.

ఆయన పక్కగదిలోకి తొంగిచూశారు. బాయిలరు పక్కన మామగారి మంచం. నిన్న రాత్రిదాకా అత్తగారు పడుకున్నది. గోడవారగా అరటిపళ్ళ పెట్టెలు. ఆయన వెళ్ళి మంచం అంచున కూర్చున్నారు. నెత్తిమీద కుర్చీలు జరిగాయి, ఎవరో పెద్దగా నవ్వారు.

"ఇదంతా వినిపిస్తుందా?"

"గుడ్డు కొట్టడం కూడా వినిపిస్తుంది," అన్నాను. అనాలని అనలేదు. అయిపోయింది.

ఆయన చాలాసేపు పైకప్పు వైపు చూశారు.

"నేను ఇక్కడే పడుకుంటాను. హిల్డెగార్డ్ పైన ఆవిడతో ఉంటుంది. కిటికీ తెరవాలా, ముయ్యాలా అని అప్పుడే పోట్లాట మొదలైంది."

"అయ్యో, వద్దండీ! ఊళ్ళో తెలిస్తే ఏమంటారు?"

"ఊళ్ళోవాళ్ళు ఎక్కడ పడుకుంటారు?"

నేను బూట్ల వైపు చూశాను.

"బేకరీ వాళ్ళు? స్కీ నేర్పే ఆ మార్టల్? మేయరు?"

"మేయరుగారు... మాలాగే. బాయిలరు పక్కన."

బ్రింక్‌మన్‌గారు నవ్వలేదు. చెయ్యి చాపారు. "నోట్‌బుర్గా ఒక చీటీ రాసిందట. నీ దగ్గరుందని చెప్పింది."

ఏప్రన్ జేబులోంచి తీసి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివారు. చిరునామా దగ్గర ఆగిపోయారు. మళ్ళీ మొదట్నుంచి చదివారు.

"రేపు పిన్ను గుచ్చాక రెండు మాటలు మాట్లాడమంటారు కదా," అన్నారు. "ఏం మాట్లాడాలా అని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను. పర్వతాలనీ, స్వచ్ఛమైన గాలి అనీ, ఆతిథ్యమనీ." చీటీని నాలుగు మడతలు పెట్టి, కోటు పైజేబులో, పిన్ను గుచ్చే చోట పెట్టుకున్నారు. "అదంతా ఎందుకు? ఇది చదువుతాను."

"ఎవరి ముందు?" అన్నాను.

"అందరి ముందూ. బ్యాండు ముందు కూడా."

నేలమాళిగల సంగతి ఏ అతిథికీ తెలియనివ్వని మా ఊరివాళ్ళంతా రేపు ఆ హాల్లో ఉంటారు, వాళ్ళ వాళ్ళ అతిథుల పక్కనే. ఏ ఇంటివాళ్ళకి ఏ ఇంటివాళ్ళు మొహం చూపిస్తారు? కస్సియన్ ఏమంటాడు? ఈ ఊరు మమ్మల్ని మళ్ళీ దగ్గరికి రానిస్తుందా? ఆయన జేబు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. లాక్కుని బాయిలర్లో వేస్తే అంతా ఇక్కడితో ముగిసిపోతుంది.

పైన కాఫీ అయిపోయినట్టుంది. ఎవరో కప్పు మీద చెంచాతో కొడుతున్నారు.

"రోసీ! ఎక్కడున్నారు? ఇంకొంచెం కాఫీ!"

ఈ ఇంటికొచ్చిన పదమూడేళ్ళలో ఆ పిలుపుకి నేను పరిగెత్తని రోజు లేదు.

ఆ మంచం అంచునే, ఆయన పక్కన కూర్చున్నాను.